ఇడ్లీ రేకులో పద్నాలుగో గుంట

తలుపు మూసి ఉంటే గరాజ్‌లో అడుగు పెట్టనని జ్ఞానప్రసూన ముందే చెప్పింది. దేదీప్య గోడ మీద బటన్ నొక్కింది. పెద్ద తలుపు గరగరమంటూ అడుగు ఎత్తు లేచి ఆగింది. కింది సందులోంచి చలి పాకుతూ వచ్చి ఇద్దరి చీలమండలూ పట్టుకుంది.

"తేజ కూడా ఇలాగే పెట్టేవాడు ప్రసూన గారూ. ఎంత చలైనా సరే అడుగు ఎత్తు. పక్కన ఫ్యాన్."

ప్రసూన తలూపింది. ఆమెకు యాభై రెండేళ్ళు. పదకొండేళ్ళు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తవ్వి, తర్వాత సొంతంగా డిటెక్టివ్ లైసెన్సు తీసుకుంది. ఆ పదకొండేళ్ళలో మూసిన గరాజ్‌లు మూడు చూసింది. మూడింటిలో ఏ ఒక్క మనిషీ లేవలేదు. ఇంజిన్ వదిలే ఆ విషపు గాలికి రంగు లేదు, వాసన లేదు. వచ్చిందని తెలిసేలోపు కాళ్ళు తీసేస్తుంది. అందుకే ఇప్పటికీ గరాజ్ అంటే ఆమె అరచేతులకు చెమట పడుతుంది. ఆ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది, దేదీప్య చూడకుండా.

నాలుగో గరాజ్ మనిషి ఇంకా ఊపిరి తీస్తున్నాడు. దేదీప్య భర్త సాయి తేజ, ముప్ఫై ఆరేళ్ళు, కార్లకు దీపాలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. గురువారం రాత్రి నుంచి ఆసుపత్రిలో గొంతులో గొట్టంతో పడి ఉన్నాడు. ఇవాళ సోమవారం. కళ్ళు తెరుస్తాడో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. పోలీసు ఫైలు తెరిచి ఉన్నంతవరకు ఆ గదిలోకి భార్య తప్ప ఎవరూ వెళ్ళకూడదని ఉత్తర్వు ఉంది. తనకు తానే చేసుకున్నాడని ఇన్సూరెన్స్ వాళ్ళ రిపోర్టు సాయంత్రం ఐదుకి వెళ్ళబోతోంది. అది అందితే ఫైలు మూస్తామని పోలీసాయన మర్యాదగానే చెప్పాడు. ఐదు దాటితే తేజ మంచం దగ్గరికి ఎవరైనా వెళ్ళొచ్చు.

"తేజ చేసుకున్నాడంటే నేను తట్టుకోలేను. ఎవరో చేశారంటే నాకు నిద్ర పట్టదు," అంది దేదీప్య. "మూడు రాత్రుల నుంచి పాపా నేనూ బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని పడుకుంటున్నాం."

అప్పుడు టైము రెండూ నలభై.

ప్రసూన ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి గురువారం సాయంత్రాన్ని నిమిషాల లెక్కన చెప్పించింది. ఆరూ ఐదుకి దేదీప్య ఆరేళ్ళ నైనికను డాన్స్ క్లాసుకి తీసుకెళ్ళింది. అప్పుడు తలుపు అడుగు ఎత్తు తెరిచే ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఎనిమిదీ ఇరవైకి తిరిగి వచ్చేసరికి తలుపు నేలకు ఆనించి ఉంది. ఫ్యాన్ ప్లగ్గు పీకి ఉంది. తేజ బాగుచేస్తున్న మోటార్‌సైకిల్ ఆగిపోయి ఉంది. తేజ వెనక చక్రం దగ్గర పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. విషవాయువు వస్తే కూత పెట్టాల్సిన అలారం ఇంటి లోపల హాల్లో ఉంది. అది కూయలేదు. దాని బ్యాటరీ వంటింట్లో పోపులపెట్టె పక్కన దొరికింది. తేజ ఫోను మాత్రం ఎక్కడా దొరకలేదు. అంబులెన్సులో పడిపోయి ఉంటుందన్నారు.

తర్వాత ప్రసూన బండి చుట్టూ తిరిగింది. చేత్తో కట్టిన ఛాపర్ మోటార్‌సైకిల్ అది, ముందు చక్రాన్ని బారెడు దూరం చాచుకుని ఒంటరిగా నిలబడి ఉంది. హాంక్ అనే ముసలాయన ముచ్చటపడి కట్టుకున్నాడట. తొమ్మిదేళ్ళ కిందట చీకటిపడే వేళ ఊరి బయట రోడ్డు మీద ఎవరో కారుతో వెనకనుంచి గుద్ది ఆగకుండా పోయారు. హాంక్ అక్కడే పోయాడు. కారు దొరకలేదు. పోలీసులు వదిలేశాక బండిని ఆయన భార్య షెడ్డులో టార్పాలిన్ కింద పడేసింది. తొమ్మిదేళ్ళూ ఎలుకలు సంసారం చేశాయి. పోయిన జూలైలో తేజ దాన్ని ట్రక్కులో వేసుకొచ్చి, ప్రతి బోల్టూ విప్పి, కడిగి, మళ్ళీ బిగిస్తున్నాడు.

విప్పిన ముక్కలు కలిసిపోకుండా అతను పెట్టిన ఏర్పాటు చూసి, అంత భయంలోనూ ప్రసూన పెదవి కదిలింది. పనిబల్ల మీద నాలుగు ఇడ్లీ రేకులు వరసగా ఉన్నాయి. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు, వాషర్లు. గుంట పక్కన టేపు ముక్క, దాని మీద అంకె, ఎక్కడిదో ఒక మాట.

"మా అత్తగారు పెళ్ళికిచ్చిన ఇడ్లీ పాత్ర," అంది దేదీప్య. "అడక్కుండా పట్టుకొచ్చేశాడు. నెల రోజులు మాట్లాడలేదు నేను." చెబుతూ చెబుతూ మొహం తిప్పుకుంది.

పెట్రోలు ట్యాంకు బండి మీద లేదు. లోపలి తుప్పు గీకి, పూత పూసి, ఆరడానికి గోడకు తగిలించాడు. అందుకని ఇంజిన్ పరీక్షించడానికి కప్పు కొక్కేనికి సెలైన్‌లా ఒక చిన్న సీసా వేలాడదీసి, దాన్నుంచి ట్యూబు ఇంజిన్‌కి పెట్టుకున్నాడు. పక్కనే తెల్ల బోర్డు మీద మూడు రోజుల పరీక్షలు రాసి ఉన్నాయి. నిండు సీసాకి ఇరవై నాలుగు నిమిషాలు. ఇరవై అయిదు. మళ్ళీ ఇరవై నాలుగు.

ప్రసూన ఆ అంకెలు పుస్తకంలో ఎక్కించుకుంటూ ఉండగా ఇంటి లోపల్నుంచి ధబధబమని బూట్ల చప్పుడు వినబడింది. దేదీప్య ఉలిక్కిపడి ప్రసూన చెయ్యి పట్టుకుంది.

వచ్చినవాడు శ్యామ్‌సుందర్. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన పరిశోధకుడు. ఒకప్పుడు ప్రసూన పక్క డెస్కు. ఆమె రిపోర్టులు రెండు తిరగ్గొట్టించి ప్రమోషన్ కొట్టినవాడు. ముందు తలుపు తాళం లేకుండా ఉంటే తోసుకుని వచ్చేశాడు.

"ఏం అక్కా, ఇంక గీ కాలిన వాసనలు చూసుడేనా నీ పని?"

"నీ రిపోర్టు అయిపోయిందా తమ్ముడూ?"

"ఎప్పుడో అయింది. సంతకం బాకీ."

అతను గుమ్మంలో నిలబడే తన వాదన వినిపించాడు. తలుపు మూసుకున్నది, ఫ్యాన్ పీకింది, బ్యాటరీ తీసింది అన్నీ తేజే. ఆఫీసులో ఉద్యోగాలు పీకేస్తున్నారు, వీసా గడువు దగ్గర పడింది, మనిషి కుంగిపోయాడు. అన్నిటికన్నా గట్టి సంగతి చివరికి దాచుకున్నాడు.

"ఆ దినం బయట ఆరంగుళాల మంచు. పోలీసోళ్ళు హాలు, వంటిల్లు అన్నీ ఫోటోలు తీసిన్రు. ఒక్క తడి అడుగు లేదు. బ్యాటరీ తియ్యాల్నంటే ఇంట్లకు పోవాలె కద. బయటోడు గాల్ల తేలుకుంట పోయిండా?"

 ప్రసూన చేతిలో ఇంకో సంగతి ఉంది. ఎదురింటివాళ్ళ డోర్‌బెల్ కెమెరాలో గురువారం బండి శబ్దం రికార్డయింది. ఆమె ఇక్కడికి వచ్చేముందే అది విని వచ్చింది. ఆరూ నలభై ఎనిమిదికి మొదలై ఏడూ ముప్ఫై ఏడుకి ఆగింది.

"నలభై తొమ్మిది నిమిషాలు," అంది. "సీసాకి ఇరవై నాలుగు. బోర్డు చూడు."

"మధ్యల ఒకసారి నింపుకున్నడు."

"తలుపు మూసిన ఈ గదిలో ఆ ఇంజిన్ పక్కన నువ్వు పది నిమిషాలు నిలబడగలవా? పడిపోయినవాడు ఇరవై నాలుగో నిమిషాన లేచి, పెట్రోలు పోసి, మళ్ళీ పడుకున్నాడా?"

శ్యామ్‌సుందర్ సీసా వైపు చూశాడు. ఒక్క క్షణం అతని మొహంలో వెటకారం పోయింది.  మళ్ళీ భుజాలెగరేశాడు.

"కెమెరా చప్పుడు పట్టుకొని నేను రిపోర్ట్ మార్చలేను అక్కా. మనిషిని చూపియ్యి. మనిషి కాకుంటే అడుగు చూపియ్యి. ఐదు దాంక బయట కార్లనే ఉంట."

వచ్చినట్టే ధబధబమంటూ వెళ్ళిపోయాడు. మూడూ నలభై అయింది.

దేదీప్య పేపర్ టవల్స్ తెచ్చి హాల్లో మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు తలుపు నుంచి గరాజ్ గుమ్మం దాకా, మళ్ళీ వెనక్కి, మట్టి రంగు మంచునీళ్ళ బూటు గుర్తులు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్కటే తుడుస్తోంది. ప్రసూన ఆమెను కాసేపు చూసింది. తర్వాత తన పాదాలు చూసుకుంది. ఊలు మేజోళ్ళు. వచ్చీ రాగానే ముందు తలుపు దగ్గరే బూట్లు విప్పింది. ఎవరూ చెప్పలేదు. విప్పినట్టు గుర్తు కూడా లేదు.

"దేదీప్యా, మీ ఇంట్లోకి బూట్లతో ఎవరైనా వస్తారా?"

"మనవాళ్ళెవరొస్తారండీ? పోలీసులు, ఈయన. అంతే."

"మనవాళ్ళు ఎక్కడ విప్పుతారు?"

"గరాజ్‌లోనే. ర్యాక్ పక్కన మ్యాట్ మీద."

ప్రసూన లేచిన వేగానికి స్టూలు పడిపోయింది. మ్యాట్ నల్ల రబ్బరుది. గురువారం చెత్తబండి వచ్చే రోజు గనక ఆ పొద్దునే దాన్ని గొట్టంతో కడిగానని దేదీప్య చెప్పింది. సంఘటన జరిగాక పోలీసులు గరాజ్‌కి టేపు కట్టి ఇవాళ పొద్దునే విప్పారు. ఈ మధ్యలో ఎవరూ ఇటు రాలేదు. ప్రసూన టార్చి నేలకు ఆనించి వేసింది.

కడిగిన నలుపు మీద రెండు తెల్లటి అంచులు మెరిశాయి. రోడ్ల మీద చల్లే ఉప్పు మంచుతో కలిసి బూట్లకు అంటుకుని, కరిగి, ఆరి, రెండు అడుగుల ఆకారం గీసిపెట్టింది. బొటనవేళ్ళు గోడ వైపు. రెంటి మధ్యా వేలెడు సందు. గుళ్ళోకి వెళ్ళేవాడు విడిచినంత పొందికగా ఉన్నాయి. ప్రసూన టేపుతో కొలిచింది. పన్నెండు అంగుళాల పైచిలుకు. తేజ బూటు పదీ ముప్పావే. ఎడమ మడమ దగ్గర అంచు లోపలికి నెలవంకలా విరిగి ఉంది. అక్కడ అట్ట అరిగిపోయిన బూటు.

అడుగు దొరికింది. దొరికిన సంతోషం మాత్రం కలగలేదు.  చంపడానికి వచ్చినవాడు కూడా బూట్లు విప్పి వచ్చాడు. ఈ ఇంట్లో తిని, నవ్వి, పాపను ఎత్తుకున్నవాడు. అలవాటైన కాళ్ళు వాటంతట అవే విప్పుకున్నాయి.

ఇక ఎందుకన్నది మిగిలింది. ఆమె మళ్ళీ ఇడ్లీ రేకుల దగ్గరికి వచ్చింది. ఒకటి నుంచి పదహారు దాకా వేలితో లెక్కపెడుతూ పోయింది. నాలుగో రేకు, రెండో గుంట. పద్నాలుగు. అందులో ఏమీ లేదు. పక్కన టేపు మీద తేజ పొందికైన అక్షరాలు: "ఆయిల్ ట్యాంకు వెనక ఇరుక్కుంది. బండిది కాదు."

బండిది కాని ముక్క బండిలో ఎందుకుంది? ఉండి, ఇప్పుడెక్కడికి పోయింది?

తేజ ప్రతి ముక్కనూ విప్పే ముందు ఫోనులో ఫోటో తీసుకునేవాడని దేదీప్య చెప్పింది. ఫోను లేదు. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, ఆ ఫోటోలన్నీ నైనిక ట్యాబ్లెట్‌లోకి కూడా వస్తాయనీ, బొమ్మల మధ్య ఈ బోల్టులేంటని పాప విసుక్కుంటుందనీ అంది. వంటింట్లోకి వెళ్ళి పాపను పిలిచారు. ట్యాబ్లెట్ ఇవ్వడానికి నైనిక బేరమాడింది.

"ఫైవ్ మినిట్స్ ఓన్లీ. తర్వాత ఇచ్చేయాలి, ఓకే ఆంటీ?"

ఫోటో బుధవారం సాయంత్రానిది. తేజ అరచేతిలో బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. కారు ముందు దీపం అద్దంలో విరిగిన మూల. అంచున ఎవరో సూదితో చెక్కిన గుర్తు: పి-03.

ప్రసూనకు అది అర్థం కాలేదు. దేదీప్యకు అర్థమైంది. ఆమె కూడా పెళ్ళికి ముందు రెండేళ్ళు అదే కంపెనీ ఇండియా ఆఫీసులో పనిచేసింది. అమ్మకానికి వెళ్ళే దీపాల మీద అచ్చులో పడిన నంబరు ఉంటుందనీ, ఇలా చేత్తో చెక్కేది బజారుకు రాకముందు చేసే నమూనాల మీదేననీ చెప్పింది. అలాంటివి ఒక్కో మోడలుకి అయిదో ఆరో. వాటిని టెస్టు కార్లకు బిగించి, రోడ్డు మీద చీకట్లో ఎలా వెలుగుతున్నాయో చూడ్డానికి ఇంజినీర్లు సాయంత్రాలు ఇంటికి తీసుకెళ్తారు. ఎవరు తీసుకెళ్ళారో పుస్తకంలో సంతకం ఉంటుంది.

ప్రసూన మెల్లగా అడిగింది. "అంటే హాంక్‌ని గుద్దిన కారు మీ కంపెనీ టెస్టు కారు. తేజ ఈ సంగతి ఎవరికైనా చెప్పాడా?"

"చెప్పలేదు. అడిగాడు," అంది దేదీప్య. "బుధవారం రాత్రి ఆఫీసులో తన సీనియర్ రాకేష్ అన్నయ్యకి ఫోన్ చేశాడు. ఆ మోడల్ దీపాలు అన్నయ్య టీమే చేసింది కదా అని. 'అన్నా, పీ జీరో త్రీ ఏ కారుకి పెట్టారో గుర్తుందా, హాంక్ పోయిన రోజు దాన్ని ఎవరు తీసుకెళ్ళారో చూసి చెప్తావా' అని."

"ఆయన ఏమన్నాడు?"

"నవ్వాడంట. రేపొచ్చి చూస్తానన్నాడంట. గురువారం మీటింగ్ ఉండి రాలేకపోయానని తర్వాత నాతో ఏడ్చాడు."

మాట పూర్తికాకుండానే దేదీప్య రంగు మారిపోయింది. ఇండియా నుంచి అమెరికాలోని ఈ నోవై ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మూడు వారాలు వీళ్ళిద్దరికీ తన ఇంట్లో గది ఇచ్చినవాడు రాకేష్. నైనికకు మొదటి సైకిలు కొన్నవాడు. ఈ నాలుగు రోజులూ రెండు పూటలా అన్నం డబ్బా తెస్తున్నవాడు. తేజకు అనుమానం రాలేదు. పెద్దవాడు కదా, తెలుసుంటుందని గౌరవంగా అడిగాడు. చీకట్లో ఎవరో గుద్దిపోయిన కారు గురించి, గుద్దిన మనిషినే.

"ఇంటి తాళంచెవి ఆయన దగ్గర ఉందా?"

"గరాజ్ పక్క తలుపుది ఉంది. మేం ఇండియా వెళ్ళినప్పుడు మొక్కలకి నీళ్ళు పోసేవాడు." ఆమె ట్యాబ్లెట్ వైపు చూసింది. "నిన్న పాప ట్యాబ్లెట్ స్లో అయింది, బాగుచేసి తెస్తానన్నాడు. అది ఏడిస్తే ఇవ్వలేదు. మీరొస్తున్నారని కూడా మధ్యాహ్నం చెప్పాను నేనే."

"ఇవాళ ఎప్పుడొస్తాడు?"

"అయిదున్నరకి."

గడియారం నాలుగూ పాతిక చూపిస్తోంది. గంట వ్యవధి ఉంది. ప్రసూన ఆ ఫోటోను తన ఫోనులోకి పంపుకుంది. అయిదు నిమిషాలూ అయిపోయాయని నైనిక ట్యాబ్లెట్ లాక్కుని మేడ మీదికి పరుగెత్తింది. పాపకు కోటు వేసి, చిన్న సంచీ సర్దుకుని పది నిమిషాల్లో ముందు తలుపు నుంచి బయల్దేరాలని ప్రసూన దేదీప్యకు చెప్పింది. ఆమె మందుల కాగితాలు వెతకడానికి వంటింటి సొరుగులు తెరిచింది. ఈలోపు మ్యాట్ మీది గుర్తులను టేపు పక్కన పెట్టి ఫోటో తీసి శ్యామ్‌సుందర్‌కి పంపాలి. అడుగు చూపించమన్నాడు కదా.

ప్రసూన గరాజ్ గుమ్మం తెరిచింది.

పెద్ద తలుపు అడుగు ఎత్తునే ఉంది. బండి ఉన్నచోటే ఉంది. సీసా మాత్రం కొంచెం ఊగుతోంది, ఎవరి భుజమో తగిలినట్టు. పక్క తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని తాళం ఇందాక తనే వేసింది. ఇప్పుడు తీసి ఉంది.

మ్యాట్ మీద ఒక జత బూట్లు ఉన్నాయి.

బొటనవేళ్ళు గోడ వైపు. మధ్యలో వేలెడు సందు. ఉప్పు గీసిన తెల్లటి అంచుల్లో మూత పెట్టినట్టు సరిగ్గా కూర్చున్నాయి. వాటి మీది మంచు ఇంకా కరగలేదు. ఆమె వంగి ఎడమ మడమ చూసింది. నెలవంకలా అరిగి ఉంది.

వంటింటికీ మేడమెట్లకూ మధ్య గోడే అడ్డం. ఆ గోడ అవతల తామిద్దరూ అతని పేరు తలుచుకుంటూ ఉండగానే అతను ట్యాబ్లెట్ కోసం మేజోళ్ళ కాళ్ళతో మెట్లెక్కి ఉండాలి. ఒక్క చప్పుడు లేదు. మన ఇళ్ళలో నడిచేవాళ్ళు చప్పుడు చేయరు.

ప్రసూన ఆలస్యం చేయలేదు. ముందు ఫోటో తీసింది. పోలీసుల అత్యవసర నంబరు 911 నొక్కి, అడ్రసు గుసగుసగా చెప్పి, లైను కట్ చేయకుండా ఫోను చేతిలోనే ఉంచుకుంది. రెండో చేత్తో శ్యామ్‌సుందర్‌కి ఫోటో, దాని కింద ఒక ముక్క: "మనిషి ఇంట్లో ఉన్నాడు. బూట్లతోనే రా, గట్టిగా చప్పుడు చేస్తూ." తర్వాత టవల్ చుట్టి ఆ బూట్లు రెండూ ఎత్తి, పెద్ద తలుపు కింది సందులోంచి బయటి మంచులోకి దూరంగా తోసేసింది. ఈ చలిలో ఉత్త మేజోళ్ళతో, పిల్లను చంకనేసుకుని ఎవడూ నాలుగు ఇళ్ళు దాటి పోలేడు.

అప్పుడు పైనుంచి నైనిక గొంతు వినిపించింది. ముద్దుముద్దుగా, గుసగుసగా, కానీ మెట్ల దాకా వినబడేలా.

"రాకేష్ అంకుల్, మనం హైడ్ అండ్ సీక్ ఆడుతున్నామా? అమ్మకి చెప్పొద్దా?"

వంటింట్లో సొరుగు చప్పుడు ఆగిపోయింది.

ప్రసూన గుమ్మంలోంచి దేదీప్య వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది. పనిబల్ల మీది పెద్ద స్పానర్ ఆమె చేతిలోకి వచ్చింది. ఊలు మేజోళ్ళ కాలు మొదటి మెట్టు మీద పెట్టింది. రెండో మెట్టు. మూడోది.

ఆమె అడుగులు కూడా ఎవరికీ వినిపించలేదు.